కాంతి పాఠానికి తొలి పుస్తకం

మా ఆయన త్రివిక్రమరావుకి రెండు రకాల మనుషులంటే పడేది కాదు. ఒకరు, మాస్కు ముక్కు కిందికి దించి మాట్లాడేవాళ్ళు. రెండోవాళ్ళు, పిల్లల చేతిలో ఇటుకంత పుస్తకం పెట్టి "ఇది చదువు, అన్నీ అవే వస్తాయి" అనేవాళ్ళు. మొదటివాళ్ళ మీద కోపం కరోనాతో వచ్చింది. రెండోవాళ్ళ మీద కోపం ఆయన చదువుకునే రోజుల నుంచీ ఉంది.

ఆయన ఇక్కడ గుజరాతీల ఊళ్ళో, హజీరాలో ఒక కర్మాగారంలో ఇంజనీరు. పెద్ద పెద్ద యంత్రాల ఇరుసులు ఒకే వరసలో ఉన్నాయో లేదో లేజర్ పెట్టి చూడడం ఆయన ఉద్యోగం. అడాజణ్‌లో మా ఫ్లాట్‌కి వచ్చాక కూడా కాంతి గురించే మాట్లాడేవాడు. నేను బీకామ్ చదివినదాన్ని. "కూర చల్లారిపోతోంది, మీ కాంతి ఎక్కడికీ పోదు, ముందు తినండి" అనేదాన్ని. మాకు పిల్లలు లేరు. అందుకని ఆ మాటలన్నీ నేనే వినాల్సి వచ్చేది.

సంతోషి మా జీవితంలోకి వచ్చింది మొదటి లాక్‌డౌన్‌లో. ఇక్కడి తెలుగు సంఘం వాళ్ళు ఊరి చివర వడోద్‌లో, వలస వచ్చిన తెలుగు మగ్గాల పనివాళ్ళకి బియ్యం పంచుతుంటే ఈయనా వెళ్ళాడు. వరసలో నిలబడ్డ ఒక అమ్మాయి, ఈయన ఇంజనీరని ఎవరో అంటే విని, బియ్యం సంచీ పట్టుకునే అడిగిందట. "సార్, లేజర్ మిషన్ చీర అంచును కోస్తది గదా. మరి చీరకు మంట ఎందుకు అంటుకోదు?" ఆయన ఇంటికొచ్చి డెట్టాల్ నీళ్ళతో స్నానం చేస్తూ, తలుపు లోపలి నుంచే ఆ ప్రశ్న నాకు అరిచి చెప్పాడు. పెళ్ళినాటి నుంచీ నేను అలాంటి ప్రశ్న ఒక్కటీ అడగలేదని నాకు అప్పుడే తెలిసింది.

ఆ పిల్ల తండ్రి పరుశురాం మగ్గం నడుపుతాడు. తల్లి లేదు. నాయనమ్మ చిన్నవ్వ చీరలకి దారాలు కత్తిరిస్తూ పెంచింది. కార్పొరేషన్ వాళ్ళ తెలుగు బడిలో కొన్నాళ్ళు, తర్వాత గుజరాతీ మీడియంలో, ఇప్పుడు ఇంగ్లీషులో బీఎస్సీ. ఏ భాషలోనూ నిలవనివ్వకుండా తరిమిన చదువు అది. ప్రతి ఆదివారం పొద్దున్నే ఈయన బాల్కనీలో కూర్చుని ఫోన్లో పాఠం చెప్పేవాడు. కాలేజీ లైబ్రరీకి తాళం పడింది. మేడం గారు ఆన్‌లైన్లో చెప్పేది పిల్లకి సగమే వినిపిస్తుంది. అందుకని సంతోషి ఒక్కటే అడిగేది.

"సార్, ఆప్టిక్స్‌కు ఒక్క మంచి బుక్ చెప్పున్రి. గదే కొంట. రెండు కొననీకి కాదు."

ఈయన చెప్పేవాడు కాదు. వారం వారం వాయిదా. నాకు ఒళ్ళు మండేది. ఏదో ఒకటి చెప్పేయక ఈ నసుగుడేమిటి అన్నాను.

"చెప్పడానికేం సుమతీ, పది పేర్లు చెబుతాను. మొదటి పుస్తకం సరైనది కాకపోతే పిల్ల పుస్తకాన్ని తిట్టదు. తన బుర్రలోనే ఏమీ లేదనుకుంటుంది. నేను అలాగే అనుకుని రెండేళ్ళు పోగొట్టుకున్నాను," అన్నాడు.

అలా వెతుకుతూ వెతుకుతూ ఏదీ తేల్చకుండానే ఆయన పోయాడు.

హోళీకి మగ్గాలు ఆపుతారు. మరుసటి ఏడు ఆ సెలవు రోజున వడోద్ వెళ్ళి వస్తానన్నాడు. నీటిధారలో కాంతి వంగడం పిల్లకి చూపించాలట. ఫోన్లో చూపించొచ్చు కదా అని గొడవపడ్డాను. "రెండు మాస్కులు పెట్టుకుంటాను, గుమ్మం దగ్గరే నిలబడతాను" అని ఒట్టు వేసినంత పని చేసి, ప్లాస్టిక్ సీసా, లేజర్ పాయింటరు సంచిలో వేసుకుని వెళ్ళాడు. తిరిగొచ్చాక ఎంత మురిపెంగా చెప్పాడో. వాళ్ళు టీ ఇచ్చారని కూడా చెప్పాడు. ఆ వారంలోనే జ్వరం. అక్కడ పరుశురాంకీ అదే వారం. ఏప్రిల్లో ఇద్దరూ ఇంచుమించు ఒకేసారి పోయారు. సంతోషి పెట్టిన మెసేజ్ నేను ఆస్పత్రి బయట బెంచీ మీద చదివాను. "బాపు పోయిండు ఆంటీ. సార్‌కు ఎట్లున్నది?" ఎలా ఉన్నదో చెప్పడానికి అప్పటికి ఆయనే లేడు.

ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఎవరికి తెలుసు అని పరామర్శించిన వాళ్ళందరితో అనేదాన్ని. లోపల మాత్రం అది వడోద్ నుంచే వచ్చిందని నాకు గట్టి నమ్మకం. టీ తాగాలంటే మాస్కు తీయాలి.

మరి ఆ ఇంటికే పుస్తకం ఎందుకు కొన్నానంటే, ఆయన మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన పని అదొక్కటే. కర్మ అంతా విజయవాడలో మా మరిది భానుప్రకాశ్ చేశాడు. నేను ఇక్కడ ఫోను ముందు కూర్చుని చూశాను. దానాలు తీసుకోవడానికి ఇంటికి వచ్చే మనిషి లేడు. తర్వాత మాసికం నాడైనా ఏదో ఒకటి ఇవ్వండి తల్లీ అన్నారు పంతులుగారు. పుస్తకం ఇస్తాను అన్నాను. మంచిదే, స్తోత్రాల పుస్తకం ఏదైనా చూడండి అన్నారు. కాదు, కాంతిశాస్త్రం అన్నాను. ఫోను కట్టయిందేమో అనుకున్నాను.

మరిది ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాడు. అడిగానో లేదో ఒక పేరు చెప్పేశాడు.

"ఇదొక్కటి చదివితే ఇంకేదీ ముట్టుకోనక్కర్లేదు వదినా."

"నువ్వు చదివావా?"

"అంటే... రిఫరెన్స్‌కి చూస్తుంటాను."

వాళ్ళ అన్నగారు ఎవరిని చూసి మండిపడేవాడో నాకు వెంటనే అర్థమైంది. అయినా తెప్పించాను. ఇంకో రెండు నేనే వెతికి తెప్పించాను. కొరియర్లు ఎప్పుడు వస్తాయో తెలియని రోజులవి. మూడూ వచ్చేసరికి వానలు పడ్డాయి. అప్పటికి సంతోషి క్లాసులకి రావడం మానేసిందని, ఫిజిక్స్ వదిలేస్తానంటోందని వాళ్ళ క్లాసు పిల్ల ఒకతె చెప్పింది. ఫిజిక్స్ వదిలేస్తే ఆ పిల్ల కాలేజీ వదిలేసినట్టే. నాయనమ్మ పక్కన కూర్చుని చీరలకి దారాలు కత్తిరించడమే. నాకు తొందర పుట్టింది. తొందరలో తప్పు పుస్తకం ఎంచుతానేమోనని భయమూ పుట్టింది.

ఎంచడం అంటే ఎలా? నాకు శాస్త్రం రాదు. కానీ ఏళ్ళ తరబడి ఆయన తిట్లు విన్నదాన్ని. మంచి పుస్తకంలో బొమ్మ కింద మాటలు మూసేసినా బొమ్మలో ఏం జరుగుతోందో తెలియాలి అనేవాడు. మొదటి లెక్క పిల్ల చేయగలిగేది అయి ఉండాలి, రెండోది కొంచెం ఆపాలి, అంతేగానీ మొదటిదే గోడలా అడ్డం నిలబడకూడదు అనేవాడు. ముందు నీడ, తర్వాత అద్దం, తర్వాత కటకం, ఆ తర్వాతే అలలు అనేవాడు. అలలతో మొదలుపెట్టే వాడికి పిల్లల మీద ప్రేమ లేదట.

మరిది చెప్పిన నల్ల అట్ట పుస్తకం రెండో పేజీలోనే నన్ను బయటికి గెంటేసింది. ఎక్కడ చూసినా సమీకరణాలు. మధ్యలో "స్పష్టమే కదా" అన్న మాట ఒకటి. ఆ మాట చూసి నాకు ఎంత ఉక్రోషం వచ్చిందంటే పుస్తకం మూసి ఫ్రిజ్ మీద పడేశాను. రెండోది పెళ్ళి ఆల్బమ్‌లా ఉంది. నున్నటి కాగితం, రంగురంగుల లేజర్లు, రాబోయే కాలమంతా ఫోటానిక్స్‌దే అంటూ పొగడ్తలు. ఒక్క బొమ్మ కింద కూడా ఎందుకు అన్న ప్రశ్న లేదు. చదవడానికి హాయిగా ఉంది. చదివాక నాకేమీ రాలేదు.

మూడోది పచ్చ అట్ట, అంత లావు కాదు. గోడ మీద చెయ్యి నీడతో మొదలవుతుంది. చెయ్యి దీపానికి దగ్గరగా జరిపితే నీడ అంచు ఏమవుతుంది, చేసి చూడు, చూశాక పేజీ తిప్పు అంటుంది. నేను టేబుల్ లైటు పెట్టుకుని చేసి చూశాను. మాటలు చిన్నవి. తెలియని మాట వచ్చిన చోటే దాని అర్థం చెబుతుంది. లెక్కల జవాబులు వెనక ఉన్నాయి. మొదటి లెక్క నేనే చేసి వెనక చూసుకుంటే సరిపోయింది. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి చప్పట్లు కొట్టలేదు గానీ, నా వయసు మరిచిపోయాను. చివరి భాగంలో లేజరు, సన్నటి గాజు తీగలో కాంతి ప్రయాణం, బట్టని అంటించకుండా కోసే యంత్రం కూడా ఉన్నాయి.

అందులోనే ఆ నీటిధార ఉంది. సీసాకి కింద కన్నం పెట్టి, నీళ్ళు పోసి, ఎదురు వైపు నుంచి లేజర్ వేయమంది. బాత్రూంలో బకెట్ మీద చేశాను. కన్నంలోంచి నీళ్ళు వంగి పడుతున్నాయి. వాటితోపాటే ఎర్ర కాంతి కూడా వంగి వచ్చి నా అరచేతిలో పడింది. తిన్నగా పోయేది కదా కాంతి. నీళ్ళ గోడలకి లోపల్లోపలే కొట్టుకుంటూ, బయటికి పోలేక, ధార ఎటు తీసుకుపోతే అటు వచ్చింది. ఆయన వడోద్ వెళ్ళింది దీన్ని చూపించడానికే. నీళ్ళు అయిపోయేదాకా అక్కడే కూర్చుని ఏడ్చాను. ఇన్నేళ్ళూ కూర చల్లారిపోతోందని ఆపేశాను గానీ, ఒక్కసారి చూపించమనలేదు.

పచ్చ పుస్తకమే అని తేల్చుకున్నాను. మా వైపు పోయినవాళ్ళ పేరు మీద ఏది ఇచ్చినా దాని మీద పేరు వేయిస్తారు. స్టీలు పళ్ళెం ఇచ్చినా అంచున పేరు చెక్కిస్తారు. నేనూ ఒక చీటీ అచ్చు వేయించాను. పైన ఆయన చిన్న ఫోటో, కింద "కీర్తిశేషులు త్రివిక్రమరావు గారి స్మారకార్థం, చి. సంతోషికి". మొదటి పేజీలో జాగ్రత్తగా అతికించాను. మాసికం రోజు ఆటో మాట్లాడుకుని వడోద్ వెళ్ళాను.

సందు నిండా మగ్గాల చప్పుడు. చిన్నవ్వ గుమ్మంలో కూర్చుని చీరల కుప్పలోంచి దారాలు కత్తిరిస్తోంది. నన్ను చూసి లేచి, ప్లాస్టిక్ స్టూలు బయట వేసింది. లోపలికి రమ్మనలేదు. నేనూ వెళ్ళాలనుకోలేదు. ఆ గుమ్మం మీద నుంచే ఆయనకి టీ గ్లాసు అందించి ఉంటారు.

సంతోషి చిక్కిపోయింది. సంచి అందుకుని పుస్తకం తీసింది. అట్ట తిప్పింది. ఫోటో చూసి ఆగిపోయింది. వెనక నుంచి చిన్నవ్వ కూడా తొంగి చూసి, మనవరాలి మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"గిది దానమా అమ్మా?"

"పుస్తకం చిన్నవ్వా. పిల్ల చదువుకోవడానికి."

"మరి సారు ఫోటువ ఎందుకు అంటువెట్టినవ్? సచ్చినోళ్ళ పేర్న ఇచ్చే దానం మేము ముట్టం. గది అయ్యగార్లు తీస్కుంటరు, మంత్రాలతోని కడుక్కుంటరు. మాకు గవి రావు. నా కొడుకు పోయి జరన్ని దినాలే అయితున్నయ్. ఇంట్ల గీ పిల్ల ఒక్కతే మిగిలింది."

నాకు ముఖం మీద కొట్టినట్టయింది. అది నిజమే. మా ఇంట్లోనూ అంతే, అలాంటి దానం ఎవరో బ్రాహ్మడు తీసుకోవాలి గానీ కావలసిన వాళ్ళకి ఇవ్వం. పేరు వేయించాలన్న ఆరాటంలో నాకది తట్టనే లేదు. తట్టలేదని ఒప్పుకోకుండా గొంతు పెంచాను. ఎంత వెతికానో తెలుసా, ఎన్ని పుస్తకాలు తిరగేశానో తెలుసా, మీ పిల్ల కోసం కాదా అని అరిచాను.

"గుస్స కాకు అమ్మా. నీ దయ గొప్పదే. తీస్కపో," అని చిన్నవ్వ మళ్ళీ చీరల కుప్ప దగ్గర కూర్చుని కత్తెర అందుకుంది.

"సంతోషీ, నువ్వు చెప్పవే మీ నాయనమ్మకి. ఈ పేజీ చింపేస్తాను. ఇంకొకటి కొని, పేరు లేకుండా పంపిస్తాను. అలా అయితే తీసుకుంటావా?"

సంతోషి పుస్తకం మూసి స్టూలు మీద పెట్టింది. "వద్దు ఆంటీ. ఆప్టిక్సే వద్దు నాకు. చదువు ఛోడ్ దియా."

"ఎందుకు మానేశావ్?"

నాయనమ్మ వైపు చూసి, నా దగ్గరికి వచ్చి, మాస్కులోంచి గొంతు తగ్గించి చెప్పింది. "సార్ వీడియోల చూపిస్త అన్నడు ఆంటీ. నేనే జిద్ చేసిన, సామ్నే, నా కండ్ల ముంగట చూడాలె అని. బాపుకు అప్పటికే దగ్గుండె. రెండు దినాల సంది. సార్‌కు చెప్తే రాడని చెప్పలే. చాయ్ గూడ బాపే ఇచ్చిండు."

నేను ఇన్నాళ్ళూ లోపల అనుకున్నదే. నిజమని ఎవరైనా చెబితే బాగుండునని కూడా అనుకున్నాను. ఇప్పుడు చెప్పింది. చెయ్యి లేచింది నాకు, అబద్ధం ఎందుకు. ఆ పిల్ల తప్పుకోలేదు. కొట్టమన్నట్టే నిలబడింది. కొడితే తేలికవుతుందన్నట్టు కళ్ళు మూసుకుంది. ఈ పిల్ల ఇక ఏ పుస్తకమూ తెరవదని నాకు ఆ క్షణంలో తెలిసిపోయింది. కాంతి అన్న మాట ఎక్కడ కనిపించినా ఒక శవం కనిపిస్తుంది దానికి.

నా నోట్లోంచి మాట ఎలా వచ్చిందో తెలియదు.

"పిచ్చిదానా, మీ నాన్నది మగ్గం దూది దగ్గు. మా ఆయనకే ముందు జ్వరం. ఇక్కడికి వచ్చే ముందు రోజే వచ్చింది. మాత్ర వేసుకుని వచ్చాడు. నేను వద్దన్నా వినలేదు. నువ్వు పిలవకపోయినా వచ్చేవాడు."

మెల్లగానే అన్నాననుకున్నాను. మగ్గాల మధ్య బతికినవాళ్ళకి పెదవులు చూసి మాట పట్టుకోవడం అలవాటు. నేను మాట్లాడడానికి మాస్కు దించాను. చిన్నవ్వ చేతిలో కత్తెర ఆగిపోయింది.

"జరమున్నదని తెలిసే ఒచ్చిండా సారు?"

ఇప్పుడైనా కాదనొచ్చు. మా ఆయన చేతులు కడుక్కుని కడుక్కుని వేళ్ళ చర్మం పోగొట్టుకున్న మనిషి. లిఫ్టు బటన్ నొక్కడానికి అగ్గిపుల్ల జేబులో పెట్టుకు తిరిగిన మనిషి.

"తెలిసే వచ్చాడు," అన్నాను.

చిన్నవ్వ ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెండూ చేయలేదు. కొంగుతో చేతులు తుడుచుకుని దగ్గరికి వచ్చింది.

"మా ఊళ్ళె ఎవలన్న ఎవల కొంపన్న ముంచితె పెద్దమనుషుల్ల కూసోని తప్పు కడ్తరమ్మా. పైసలో, మ్యాకనో, ఏదో ఒకటి. తప్పు కట్టినంక ఇగ ఎవలు ఎవల్నీ అనద్దు. దానం ముట్టద్దు గని, తప్పు తీస్కోవచ్చు." మనవరాలి వైపు తిరిగింది. "తీస్కో బిడ్డా. మీ బాపుకు సారు కట్టిన తప్పు. మంచిగ చదువు."

మొదటి పేజీ చింపబోయాను. చిన్నవ్వ నా చెయ్యి పట్టుకుంది. ఆయన పోయాక నన్ను ముట్టుకున్న మొదటి మనిషి ఆమే.

"చింపకు. ఎవలు కట్టిండ్రో పేరు ఉండాలె."

సంతోషి పుస్తకం తీసుకుంది. అట్ట తెరిచి ఆ ఫోటో వైపు చూసింది. ఇందాక దాన్ని చూడలేక మూసేసిన పిల్ల ఇప్పుడు రెప్ప వేయకుండా చూస్తోంది. ఆ కళ్ళలో ఇంతకు ముందున్న భయం లేదు. ఆయన మీద కోపం ఉంది. "తెలిసి ఎట్ల ఒచ్చిండు ఆంటీ?" అంది. నీడల అధ్యాయం నుంచి మొదలుపెట్టు, లెక్కలు వదలకు అని చెప్పి వచ్చేశాను. ఇక తమ ఇంటికి రావద్దని ఎవరూ అనలేదు, మళ్ళీ రమ్మని కూడా అనలేదు.

ఆ పిల్ల చదువుతుంది. అది మాత్రం నాకు తెలుసు. కోపంతోనైనా చదువుతుంది.

ఆయన పేరు నిలబెడదామని వెళ్ళిన నేను, ఆయన ఎన్నడూ చేయని పని ఆయన మీద రుద్ది వచ్చాను. కాదని చెప్పుకోవడానికి ఆయన లేడు. సాయంత్రం ఇంట్లో దీపం వెలిగించి ఫోటో ముందు పెట్టబోతే, ఆయన మొహం చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. ప్రమిద వంటింట్లోనే గట్టు మీద పెట్టేసి బయటికి వచ్చాను.